పెళ్లి భోజనాలు, చారు దాకా

ఆ కారు కొన్నప్పుడు దాంతోపాటు ఒక సీడీ కూడా వచ్చింది. మేం అడగలేదు, అమ్మినాయన ఇస్తాననలేదు. అది లోపల ఇరుక్కుపోయి ఉంది కాబట్టి వచ్చిందంతే.

అమెరికాలో మేముండే బాతెల్‌లో మా వీధి చివర ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. ఇల్లు ఖాళీ చేసి ఎండలుండే ఊరికి పోతూ కారు అమ్మకానికి పెడితే మేం కొన్నాం. తాళాలు చేతిలో పెట్టేటప్పుడు కాస్త మొహమాటపడుతూ, "ఒక్క సంగతి. ప్లేయర్లో సీడీ ఇరుక్కుంది, బయటికి రాదు. రేడియో కూడా పలకదు. ఆన్ చేస్తే ఆ ఆల్బమ్ ఒక్కటే వస్తుంది" అన్నాడు. ఏం ఆల్బమని మా ఆయన అడిగాడో లేదో, పెద్దాయన మొహం చేటంతైంది. డెబ్బైల నాటి డచ్ బ్యాండ్ అట. రాక్ సంగీతమేనట గానీ పాడడం తక్కువ, వాయించడం ఎక్కువట. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట దాన్ని. బ్యాండ్ పేరు కూడా చెప్పాడు. మాకు అర్థం కాలేదు. రెండోసారి అడిగాం, అప్పుడూ అర్థం కాలేదు. మూడోసారి అడిగితే బాగోదని తలూపి వచ్చేశాం.

ఆ సీడీని బయటికి లాగడానికి మా ఆయన చెయ్యని పని లేదు. వెన్న రాసే కత్తి పెట్టి చూశాడు, నా కనుబొమ్మల ప్లక్కర్ పెట్టి చూశాడు, ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని అన్ని బటన్లూ ఒకేసారి నొక్కి చూశాడు. "ఇక దాని జోలికి పోతే మిమ్మల్ని దాంట్లో ఇరికిస్తాను" అన్నాక మానేశాడు. కారు ఎటూ నాదే కాబట్టి ఆ సంగీతం కూడా నాదే అయింది.

నా ఒక్కదానిదే కాదు, ఇద్దరిది. రెండో మనిషి రోజూ నా కార్లో ఆఫీసుకొచ్చే మా కార్‌పూల్ పిల్ల. పిల్ల అంటే ముప్పై దాటిన మనిషే, నాకన్నా నాలుగేళ్లు చిన్నదని అలా అంటాను. హన్మకొండ వాళ్లది. నాది తెనాలి. మా అపార్ట్‌మెంట్ల వెనక కాంప్లెక్స్‌లో ఉండేది, ఇద్దరి ఆఫీసులూ బెల్‌వ్యూలో ఒకే వీధిలో. లైసెన్స్ ఉంది గానీ హైవే ఎక్కాలంటే దానికి ప్రాణం మీదికొచ్చేది. "గా లారీల మధ్యల నేనెట్ల దూరాలె అక్కా, నా వల్ల గాదు" అని చేతులెత్తేసింది. నాకేమో సాయంత్రం ఆరు లోపల డేకేర్‌కి చేరి మా అమ్మాయిని తెచ్చుకోవాలి. ఒక్కదాన్నే డ్రైవ్ చేస్తే మామూలు లేన్లలో నత్తనడక. ఇద్దరుంటే కార్‌పూల్ లేన్‌లో హాయిగా పోవచ్చు. దానికి నా చేతులు కావాలి, నాకు దాని తల కావాలి. మా స్నేహానికి పునాది అది. అందులో దాచేదేముంది?

మొదటి వారం ఆ సంగీతం మా ఇద్దరికీ నచ్చలేదు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అది లేకుండా 405 హైవే ఎక్కడం మాకు తెలీదు. అట్ట లేదు కదా, పాటల పేర్లేమిటో తెలీదు. మేమే పెట్టుకున్నాం. మొదటిది బుస్సుమని మొదలై ఫ్లూట్ కూత వేస్తుంది, దాని పేరు 'కుక్కర్'. రెండోది పెద్ద ఆర్గాన్ మీద బరువుగా, నిదానంగా, ఎవరి తప్పులో వెతుకుతున్నట్టు సాగుతుంది. అది 'అత్తగారి నడక'. ఈ పేరు పెట్టింది హన్మకొండ పిల్లే. అప్పుడు వాళ్ల అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చి ఇంట్లోనే ఉన్నారు. మూడోది గిటార్, 'గతుకుల రోడ్డు'. తర్వాత ఒకే ఒక్కచోట ఒకాయన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పాడి పోతాడు. ఆల్బమ్ మొత్తం మీద మాటలున్నది అక్కడే. అది 'యాడ్'. యాడ్ రాగానే దాని చెయ్యి వాల్యూమ్ మీదికి పోయేది, అలవాటుగా తగ్గించేసేది.

చివరిది మాత్రం చాలా పెద్దది, 'పెళ్లి భోజనాలు'. ఒకటి అయిపోయిందనుకునేలోపు ఇంకోటి వడ్డిస్తారు కాబట్టి ఆ పేరు. ముద్దపప్పులాంటి మెత్తటి ఆర్గాన్, మీద నెయ్యిలా ఫ్లూట్, తర్వాత ఘాటుగా గుత్తివంకాయ గిటార్, పులుసు, చారు, ఆఖర్న చల్లగా పెరుగన్నం. హైవే దిగే మా ఎగ్జిట్ వచ్చేసరికి చారు వడ్డిస్తుండేవాళ్లు. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ ప్లేయర్ మొదటికొచ్చేసేది కాబట్టి పెరుగన్నం ఎప్పుడో గాని దొరికేది కాదు. ముందెక్కడో యాక్సిడెంటై కార్లన్నీ ఆగిపోతే, అందరూ తలలు పట్టుకునేవాళ్లు. మేమిద్దరం మాత్రం "హమ్మయ్య, ఇవాళ పెరుగన్నం తింటాం" అనుకునేవాళ్లం.

చిన్నప్పుడు తెనాలిలో నాకు సంగీతం చెప్పించారు. గీతాల దాకా వచ్చి ఆగిపోయిన చదువది. ఇన్నేళ్లూ ఎందుకూ పనికిరాలేదు గానీ ఆ 'గతుకుల రోడ్డు' వింటుంటే వేళ్లు వాటంతటవే స్టీరింగ్ మీద లెక్కపెట్టడం మొదలెట్టాయి. తకిట తకధిమి, తకిట తకధిమి. అరె, ఏడు దెబ్బల మిశ్రచాపు! డచ్చి వాళ్లకి మిశ్రచాపు ఎవరు చెప్పారే అని నేను కేకేస్తే, అది బతుకమ్మకి కొట్టినట్టు చప్పట్లు కొట్టి చూసింది. కుదరలేదు. "ఒక చప్పట్ మిగుల్తున్నదక్కా" అని పడీపడీ నవ్వింది. అట్లా మిగిలిన చప్పట్లతో ఏడాదిన్నర గడిచింది.

తర్వాత ఆ శీతాకాలం వచ్చింది. అక్కడ హైదరాబాద్‌లో ధర్నాలు, దీక్షలు, బంద్‌లు. ఇక్కడ మా టీవీల్లో రాత్రీ పగలూ అవే. మొదట్లో మేమిద్దరం కారులో ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు. కూరల సంగతి, అత్తల సంగతి, మేనేజర్ల సంగతి, ఎన్ని లేవు మాట్లాడుకోవడానికి! కానీ మా ఊరి తెలుగు సంఘంలో ఉగాది వేడుకల కమిటీ అని ఒకటుంటుంది. మా ఖర్మ కొద్దీ ఇద్దరం అందులో ఉన్నాం.

పిల్లలు మొదట ప్రార్థనగా ఏ పాట పాడాలీ అన్నదగ్గర వచ్చింది గొడవ. ఎప్పుడూ పాడేదే పాడదామన్నారు కొందరు. మాకు వేరే పాటుంది, అది పాడాలన్నారు ఇంకొందరు. ఒకరి ఇంట్లో గదినిండా జనం, మధ్యలో పులిహోర, ఎవరూ తినడంలేదు. నాకసలే ముక్కు మీద కోపం. "పాటలో కూడా వాటా కావాలా?" అనేశాను. అది లేచి నిలబడి, అందరి ముందూ, "వాటా అడగాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎవరు తిన్నరో గది సూడక్కా" అంది. అక్కా అని మరీ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి గిన్నెలన్నీ రెండేసిసార్లు తోమాను.

మర్నాడు పొద్దున వెళ్లాలా వద్దా? వెళ్లకపోతే దాని ఆఫీసు పోతుంది, సాయంత్రం నా డేకేర్ పోతుంది. వెళ్లాను. వాళ్ల కాంప్లెక్స్ పోస్ట్ బాక్సుల దగ్గర ఎప్పటిలా నిలబడి ఉంది, వానలో, హుడ్ కప్పుకుని. నా భయమల్లా ఒక్కటే, వెనక సీట్లో కూర్చుంటుందేమోనని. అలా కూర్చుంటే నేను దాని డ్రైవర్నైపోతాను కదా! ముందే కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. గుడ్ మార్నింగ్ లేదు. నేనూ ఊరుకున్నాను. కార్‌పూల్ లేన్‌కి కావలసింది తల ఒకటి. ఆ తల మాట్లాడాలని ఏ బోర్డు మీదా రాసి లేదు.

అలా నెలలు గడిచాయి. పొద్దునా సాయంత్రం ఆ డచ్ వాళ్లే మా తరఫున మాట్లాడారు. పేచీలు కూడా వాళ్లమీదే. 'అత్తగారి నడక' రాగానే అది నెక్స్ట్ బటన్ నొక్కేది. నేను వెనక్కి నొక్కేదాన్ని. అది మళ్లీ నొక్కేది. ఒకసారి కిర్క్‌లాండ్ దాటేదాకా అత్తగారు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. 'యాడ్' వచ్చినప్పుడు వాల్యూమ్ తగ్గించడం కూడా మానేసింది. ఆయన గొంతు చించుకుని పాడుకుంటుంటే ఇద్దరం చెరో కిటికీ చూసేవాళ్లం. ఒకరోజు అది తుమ్మింది. 'చిరంజీవ' అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మా అమ్మమ్మైతే శత్రువు తుమ్మినా అనేది. ఆ పూటంతా నాకు పని మీద ధ్యాస లేదు.

అయినా నేనెందుకు ముందు మాట్లాడాలి? చిన్నది అది. అక్కా అని పిలిచేది అది. చెల్లెలన్నాక దిగిరావాలా వద్దా? మా ఆయన దగ్గర ఇలాగే అంటే, "వాళ్లాయనతో అది కూడా ఇదే చెబుతోందట. పెద్దది అక్క, అక్కే పిలవాలె కదా అంటోందట" అన్నాడు. "మీ మగాళ్లకి మా సంగతులెందుకు?" అని కసిరాను. లోపల మాత్రం, ఓహో, నా గురించి ఇంట్లో మాట్లాడుతోందన్నమాట, అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించింది.

ఉగాది అయిపోయింది. రెండు పాటలూ పాడించారు. రెండింటికీ మైకు సమానంగా మొరాయించింది.

మేలో ఒక శనివారం మా ఆయన ఇండియన్ స్టోర్ నించి కరివేపాకుతోపాటు ఒక వార్త తెచ్చాడు. వాళ్లాయనకి ప్లేనోలో ఉద్యోగం వచ్చిందట. పిల్లవాడి బడి అయిపోగానే జూన్‌లో టెక్సస్ వెళ్లిపోతున్నారట. నేను కరివేపాకు దుయ్యడం ఆపేశాను. తర్వాత పట్టరాని కోపం వచ్చింది. రోజూ నా మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చునే మనిషి ఊరు వదిలి పోతుంటే నాకు కరివేపాకు కట్టతోపాటు తెలియాలా? సోమవారం కార్లో కూర్చున్నాక, చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. మంగళవారం చూశాను. అది కిటికీలోంచి చెట్లు చూస్తోంది. ఇలాగే వెళ్లిపోతుంది, ఒక్క మాటైనా లేకుండా ఒకరోజు దిగి తలుపేసుకుని వెళ్లిపోతుంది, అప్పుడిక ఫోన్ కూడా ఉండదు అనిపించింది. భయమేసింది. భయమేసినా నోరు పెగల్లేదు. పంతం అంటే అదే మరి.

జూన్ మొదట్లో ఒక పొద్దున, వాన లేదు, ఎండ కూడా లేదు. 'పెళ్లి భోజనాలు' గుత్తివంకాయ దాకా వచ్చింది. రోడ్డు మీద గొయ్యి ఉంది, చూసుకోలేదు. కారు ఎగిరి పడింది. ప్లేయర్లో కిర్రుమంది, తర్వాత టక్కుమంది, సంగీతం ఠక్కున ఆగిపోయింది. చూద్దును కదా, సన్నటి సందులోంచి సీడీ సగం బయటికొచ్చి నాలిక చాపినట్టు నిలబడింది!

కత్తికి రాలేదు, ప్లక్కర్‌కి రాలేదు, గోతిలో పడితే వచ్చింది.

ఇద్దరం దానివంకే చూస్తున్నాం. నేను రోడ్డు కూడా చూడాలి కాబట్టి మార్చి మార్చి చూస్తున్నాను. అది మెల్లగా చెయ్యి చాపి, అంచులు పట్టుకుని సీడీ బయటికి తీసింది. లోపల ఎంత వేడిగా ఉండేదో ఏమో, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తిప్పి చూసింది.

"అక్కా," అంది. "దీని మీద పాటల పేర్లున్నయ్."

"చదవొద్దే!" అని అరిచాను.

అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. ఎవరో డచ్చాయన పెట్టుకున్న పేర్లు, వాళ్ల పాటలు వాళ్లవి, పేర్లు పెట్టుకునే హక్కు వాళ్లది. కానీ ఒక్కసారి చదివిందంటే నా కుక్కరూ పోయె, అత్తగారూ పోయె, పెళ్లీ పోయె. అది చదవలేదు. చప్పున బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. మెరిసే వైపు పైకి ఉంది, అందులో కారు కప్పు కనబడుతోంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ కారు ఎంత చప్పుడు చేస్తుందో. టైర్ల మోత, ఎక్కడో గలగల. ఇన్ని నెలలూ మేం మౌనంగా ఉన్నామనుకున్నాం గానీ మౌనం ఎక్కడిది, ఎవరో ఒకరు వాయిస్తూనే ఉన్నారు. ఇప్పుడు నిజంగా ఎవరూ లేరు. 

అది గొంతు సవరించుకుంది. సన్నగా, ముక్కుతో, ఆగిపోయిన దగ్గరనించే కూనిరాగం అందుకుంది. గుత్తివంకాయ. శ్రుతి లేదు పాడు లేదు, హన్మకొండ పిల్లకి సంగీతం ఎవరూ చెప్పించలేదు. ఒక్క ముక్క పోనివ్వలేదు మాత్రం. పులుసు దగ్గర ఆర్గాన్ రావాలి. అది నావైపు చూసింది. నేను అందుకున్నాను. చేతులు స్టీరింగ్ మీద తాళం వేస్తూ, నోటితో ఆర్గాన్ మోగిస్తూ, నలభయ్యో పడికి దగ్గరపడ్డ ఆడదాన్ని! పక్క లేన్‌లో ఒకామె అద్దం దించి మరీ చూసింది. చూస్తే చూసింది.

చారు దగ్గర ఎగ్జిట్ వచ్చింది. నేను తీసుకోలేదు.

"అక్కా, ఎగ్జిట్ పోయింది."

"పోనీ. పెరుగన్నం తినే పోదాం."

తిన్నాం. పాట అయిపోయేసరికి రెంటన్ దాకా పోయాం. అక్కడో పెట్రోల్ బంకులో ఆపి, "ప్లేనో అట కదా" అన్నాను.

"నువ్వడుగుతవని సూస్తున్న," అంది, ఏడుపు అప్పటికే మొదలైపోయింది. "నీకు జెప్పకుండ ఎట్ల పోతననుకున్నవ్? అంటే, పోతనేమోనని నాకే భయమైంది."

నేనూ ఏడ్చాను. నిజం చెప్పాలంటే నేనే ఎక్కువ ఏడ్చాను. బంకులో కాఫీ కొనుక్కుని తాగి, ఆఫీసులకి ఫోన్లు చేసి, తాపీగా వెనక్కొచ్చాం. ఆ పాట గొడవ మాత్రం తేలలేదు. తను అన్నమాట తప్పనలేదు, నేనూ అనలేదు. ఆ సంగతి ఎత్తితే మళ్లీ కొట్టుకుంటామని ఇద్దరికీ తెలుసు. ఎత్తలేదు.

"అక్కడ అన్నీ హైవేలేనటక్కా," అంది దిగేముందు. "నన్నెవరు తీస్కపోతరు?"

మిగిలిన రెండు వారాంతాలూ దాన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. అది హైవే ఎక్కే దారి చివర బ్రేకు తొక్కేస్తుంటే, "ఆగకే, తొక్కు, తొక్కు! లారీవాడికి నీమీద పగేం లేదు!" అని నేను కేకలు. చివరికి 'కుక్కర్' కూనిరాగం తీస్తే గాని దాని కాలు యాక్సిలరేటర్ మీదికి పోదని కనిపెట్టాను. ఫ్లూట్ కూతకి సరిగ్గా లేన్‌లోకి దూరిపోయేది. వెళ్లే రోజు సీడీ దాని చేతిలోనే పెట్టాను. నా ప్లేయర్ అప్పటికే చచ్చిపోయింది, మళ్లీ పెడితే లోపలికి తీసుకోలేదు.

తర్వాత పండక్కి పబ్బానికి ఫోన్లు. పిల్లల పుట్టినరోజులు. అందరిలాగే కాస్త కాస్త తగ్గుతూ పోయాయి.

రాష్ట్రం విడిపోయిన రోజు ఇక్కడ టీవీలో అక్కడి బాణసంచా చూపిస్తున్నారు.  నాకు బాధగా ఉంది. ఉందని చెప్పడానికి సిగ్గేముంది? పుట్టిన రాష్ట్రం పేరు చెప్పి ఇన్నేళ్లు బతికినదాన్ని. అంత బాధలోనూ, అది ఇప్పుడు ఎంత సంతోషంగా ఉంటుందో అన్నది కూడా తోచింది. నాకు ఫోన్ చేస్తే నేనేమంటానోనని చెయ్యదు. నేను చేస్తే అదేమనుకుంటుందోనని నేను చెయ్యను. ఇంకో నాలుగు నెలలా? ఇంకో నాలుగేళ్లా? ఫోన్ తీశాను. పెద్దది నేనే కదా.

"అక్కా!" అంది. వెనకాల గాలి, లారీల హోరు.

"ఎక్కడే?"

"హైవే మీదున్న. డల్లస్ నించి ఇంటికి పోతున్న. స్పీకర్ల పెట్టిన, చెప్పు."

కంగ్రాచ్యులేషన్స్ అందామనే చేశాను. తీరా, "మెల్లగా నడుపు" అన్నాను. అది కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఆ పిల్ల అంత సంతోషాన్నీ నాకోసం నోట్లో కుక్కుకుని కూర్చుందని నాకు తెలుస్తోంది.  తర్వాత అది వాల్యూమ్ పెంచింది.

మెత్తటి ఆర్గాన్, మీద నెయ్యిలా ఫ్లూట్. నేను అట్లాగే సోఫాలో కూర్చుండిపోయాను.

"ఒసేయ్, పేర్లు చదివావా?" అన్నాను.

"లేదక్కా, ఒట్టు. సూడకుండ మార్కర్ పెన్ను తోటి మీదంత నల్లగ గీకేసిన." తర్వాత మెల్లగా అడిగింది, "చారు దాకా వస్తే మా ఎగ్జిట్ వస్తది. పని ఉందా నీకు?"

"లేదు," అన్నాను. "ఎగ్జిట్ తీసుకోకు. పెరుగన్నం దాకా ఉంటాను."